అల్లుడి నెత్తిన చింతపండు మూట: గుడారి నుంచి కకిరిగుమ్మ దాకా

రాయగడ స్టేషన్లో మా మనవరాలి భర్త నెత్తిన ఇరవై కేజీల చింతపండు మూట పెట్టించానని పార్వతీపురం నుంచి కోరాపుట్ దాకా మా చుట్టాలంతా చెప్పుకుంటున్నారట. నిజమే. కానీ సగమే చెబుతున్నారు. మిగతా సగం నేను చెబుతాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు హారిక రాస్తోంది. ప్రయాణాల గురించి తను రాసుకునే పేజీలో పెడుతుందట, అందుకని బస్సులూ రైళ్ళూ కూడా చెప్పమంది. చెబుతాను. ఆ దారిన వెళ్ళేవాళ్ళకు అవి పనికొస్తాయి, మా చుట్టాలకు అసలు సంగతీ తెలుస్తుంది.

ఎందుకు బయలుదేరామో ముందు వినండి. మాది గుడారిలో కిరాణా, చింతపండు వ్యాపారం. కొట్టు ఇప్పుడు నా కొడుకు చూసుకుంటాడు. వాడి కూతురే హారిక. చోళ్ళ, అంటే రాగుల, విత్తనాల పని చూసే ఆఫీసులో ఉద్యోగం. దూరాన చదువుకునేటప్పుడు దియేగో అనే అబ్బాయిని ఇష్టపడి చేసుకుంది. అతనిది మెక్సికో దేశం, అందులోనూ రాజధాని నగరం. వాళ్ళ ఒక్క వీధిలో ఉన్నంత మంది మా గుడారి మొత్తంలో లేరట. అతని పని కంప్యూటరు మీద బొమ్మలు గీయడం. కరెంటుంటే ఎక్కడైనా గీయొచ్చు కాబట్టి హారిక ఉద్యోగం కోసం ఎనిమిది నెలల కిందట, వానల్లో, మా ఇంటికే వచ్చేశాడు.

నెల తిరక్కుండా పారిపోతాడని బజారంతా అంది. కారం తినలేడన్నారు. అతను పచ్చిమిరపకాయ కొరుక్కుని చోడి అంబలి తాగుతాడు. దోమలన్నారు, ఎండలన్నారు, కరెంటు పోతుందన్నారు. వాటిలో దేనికీ అతను నోరెత్తలేదు. మాటలు కూడా మా యాసలోనే నేర్చుకున్నాడు, కొట్టుకు వచ్చేవాళ్ళ దగ్గర. అయినా మాఘమాసం దాటేసరికి మనిషి వాడిపోయాడు. ఒకరోజు వంటింట్లో నా పక్కన కూర్చుని హారిక మెల్లగా చెప్పింది, ఎండలు ముదిరేలోగా ఇద్దరూ బెంగళూరు వెళ్ళిపోతామని. ఎందుకని అడిగితే, అతనికి ఇక్కడ ఊపిరాడటం లేదంది. ఉద్యోగం మానేసి వెళ్ళడానికి ఈ పిల్లకు మనసు లేదు, అతన్ని ఉండమనడానికి నోరు లేదు. లోపం ఏమిటో అతన్నే అడగాలనుకున్నాను. మా ఇంట్లో అడగడం కుదరదు, ఎప్పుడూ పదిమంది ఉంటారు.

సరిగ్గా అప్పుడే కోరాపుట్ దారిలోని కకిరిగుమ్మలో నా ఆడపడుచు వరాలమ్మ మనవరాలికి పెళ్ళి కుదిరింది. పెళ్ళి వంటలకు చింతపండు మా కొండలదే కావాలని ఆమెకు పట్టుదల. కొట్టు వదిలి నా కొడుకు రాలేడు. హారికకు ఆఫీసు. కోడలు సావిత్రి అల్లుడితో కలిసి ప్రయాణం చేయదు. అత్తగారు అల్లుడి ఎదటకే రాకూడదు మా వైపు, తలుపు చాటునుంచే మాట్లాడుతుంది. నాయనమ్మకు ఆ అడ్డు లేదు, మనవడితో మేలమాడినా ఎవరూ ఏమీ అనరు. నేనూ దియేగో వెళతామన్నాను.

ఉగాదికి ముందు వారం. గుడారిలో తెల్లవారుజామున అయిదున్నర బస్సు. మా కొట్టు మనుషులు మూట ఎక్కించారు. టికెట్టు మనిషికి నూరు లోపే. రెండున్నర గంటల దారి, వంపులెక్కువ, కడుపు తిరిగేవాళ్ళు ముందు సీట్లలో కూర్చోండి. రాయగడ బస్టాండులో దిగగానే ఒక ఆటో అబ్బాయి పరుగెత్తుకొచ్చాడు. దియేగో మొహం చూసి స్టేషనుకు రెండు వందలన్నాడు.

"రెండొందలెందుకురా?"

"ఫారినర్ ఉన్నాడు కద మామ్మా."

"ఫారినరెవడ్రా? ఇతను గుడారోడు. అరవై ఇత్తాను, మూట దింపి మరీ ఎల్లు."

అతను నవ్వి ఎక్కించుకున్నాడు. దియేగో మాత్రం "గుడారోడు" అని రెండుసార్లు తనలో తాను అనుకున్నాడు. దారిలో మజ్జిగౌరమ్మ గుడి దిక్కుకు తిరిగి దండం పెట్టాను. ఏం కోరుకున్నానో చెప్పనక్కర్లేదు.

స్టేషన్లో ఇడ్లీ బాగుంటుంది, తినండి. కోరాపుట్ వైపు రైలు మేం వెళ్ళిన రోజు తొమ్మిదిన్నరకు. ఈ బళ్ళ వేళలు మారుతుంటాయి, ముందురోజు కనుక్కోవాలి. రైలు మెట్ల వంతెన అవతలి ప్లాట్‌ఫారం మీద ఆగుతుందన్నారు. ఆ వేళకు కూలీ ఒక్కడూ కనబడలేదు. దియేగో మూట మీద చెయ్యి వేశాడు. నేను ఆ చెయ్యి తీసేశాను. అల్లుడు మూట ఎత్తడమా! నేనే మూట చెవి ఒకటి పట్టుకుని ఈడ్చాను. పది మెట్లు ఎక్కేసరికి మోకాలు కలుక్కుమంది, కూలబడ్డాను. కింద రైలు కూత వినిపిస్తోంది. అతను మళ్ళీ వంగాడు. నేను మూట మీద రెండు చేతులూ వేసి, వద్దు బాబూ, మీరు ఉండండి, ఎవర్నో ఒకర్ని పిలుస్తానన్నాను.

అతను నా ఎదురుగా మెట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు, అప్పుడూ గట్టిగా అనలేదు.

"మామ్మా, నేను పటం కాదు. మనిషిని. ఇయ్యి."

మా ఇంట్లో అతనికి వేసిన కుర్చీ ముందు గదిలో దేవుడి పటాల కింద ఉంటుంది. టేకు కుర్చీ, పక్కన ఫ్యాను. వచ్చిన రెండో రోజు తను తిన్న కంచం తను కడుక్కోబోతే సావిత్రి సాయంత్రం దాకా ఏడ్చింది, ఏం తక్కువ చేశామని. అప్పటినుంచి అతను నూతి దగ్గరకు వెళితే ఇద్దరు పరుగెత్తి తోడిపెట్టేవాళ్ళు. చీపురు పట్టుకుంటే లాక్కునేవాళ్ళు. కొట్టులోకి వెళితే పనివాళ్ళు లేచి నిలబడేవాళ్ళు, మళ్ళీ ఆ కుర్చీలోకే తీసుకొచ్చి టీ ఇచ్చేవాళ్ళు. అదంతా మర్యాద అనుకున్నాం. ఇదంతా ఆ మెట్ల మీద నాకు ఒక్కసారిగా కళ్ళకు కట్టింది. నేను చేతులు తీసేశాను. "పట్టు" అన్నాను. పట్టండి అనలేదు.

అతను మూట తలకెత్తుకుని, రెండో చేత్తో నా జబ్బ పట్టుకుని వంతెన దాటించాడు. పార్వతీపురం చుట్టం ఒకాయన కింద నిలబడి చూశాడు. చుట్టాలు చెప్పుకునేది ఇదే.

రైలు ఎక్కాం. టికెట్టు యాభై లోపే. కిటికీ దగ్గర చోటు పట్టండి, ఎందుకంటే రాయగడ దాటిన కాసేపటికి సొరంగాలు మొదలవుతాయి. ఒకటి దాటగానే ఒకటి. చీకట్లో పిల్లలు కేకలు పెడతారు, వెలుగులోకి రాగానే కింద లోయ, లోయలో సన్నగా ఏరు, ఎదర ఇంకో వంతెన. ఇన్నేళ్ళుగా వెళుతున్నా ఇప్పటికీ ఆ వంతెనల మీద నేను కిటికీ కమ్మీ పట్టుకునే కూర్చుంటాను. టికిరి స్టేషన్లో ఒక దేశియా ఆవిడ, ఆ కొండ ఊళ్ళ మనిషి, పెద్ద గంపతో ఎక్కింది. ఎవరు ఏమిటని చూడలేదు. దియేగోకు గంప రెండో అంచు అందించి, పైకి పెట్టమని సైగ చేసింది. అతను పెట్టాడు. ఆవిడ ఒళ్ళోంచి ఉడికిన చిలగడదుంప తీసి అతని చేతిలో పెట్టి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అంతే. ఆ దుంప తింటున్నప్పుడు అతని మొహం చూశాను. మా ఇంట్లో నేతి గారెలు తిన్నప్పుడు ఎనిమిది నెలల్లో ఒక్కసారీ ఆ మొహం చూడలేదు. ఆ ఆవిడ పేరు కూడా అడగలేదు నేను. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

అప్పుడు అడిగాను. "ఎల్లిపోతారంట కద. మా ఇంట్లో ఏటి తక్కువైంది బాబూ?"

"తక్కువ లేదు మామ్మా. అందరూ నాకు ఇత్తారు. నాకాడ ఎవరూ ఏటీ పుచ్చుకోరు."

మూట ముడి కొంచెం విప్పి ఒక పండు తీశాడు. బొటనవేలితో నొక్కి గింజలన్నీ ఒక్క ఊపున తీసేశాడు. చిన్నప్పటి చెయ్యి అది, నిన్నా మొన్నా నేర్చుకున్నది కాదు. వాళ్ళ నాయనమ్మ ఆ మహానగరంలో బడి ముందు కూర్చుని చింతపండు ఉండలు అమ్మేదట. ఉప్పు, కారం, తీపి వేసి. రోజూ సాయంత్రం గింజలు తీసేది ఇతనేనట. మా పెరట్లో ఆడవాళ్ళు చింతపండు కొట్టి గింజలు తీస్తుంటే వెళ్ళి కూర్చోవాలని మూడు సార్లు ప్రయత్నించాడట. మూడు సార్లూ అందరూ లేచి నిలబడ్డారట. ఆ లేచినవాళ్ళలో నేనూ ఉన్నాను.

కకిరిగుమ్మలో పన్నెండు దాటాక దిగాం. బండి ఎక్కువసేపు ఆగదు, ముందే గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడాలి. స్టేషన్నుంచి వరాలమ్మ ఇంటికి పది నిమిషాల నడక. నా మోకాలి మీద ఇరవై పట్టింది. ముందు దియేగో మూటతో, వెనక నేను. వరాలమ్మ గుమ్మంలోనే మొదలెట్టింది.

"వదినా, మతి గాని పోయిందేటి నీకు? అల్లుడి సేత మూట మోయిత్తావా? నలుగురూ ఏటనుకుంతారు?"

"అనుకోనీ. ముందు మంచినీళ్ళియ్యి, తర్వాత తిట్టు."

లోపల నడవలో ఆరుగురు ఆడవాళ్ళు పెళ్ళి పప్పులు బాగుచేస్తూ కూర్చున్నారు. దియేగో మూట దించి, విప్పి, వాళ్ళ పక్కన చాప మీద కూర్చోబోయాడు. ఆరుగురూ ఒక్కసారి లేవబోయారు. వరాలమ్మ లోపలికి పరుగెత్తి ఒక కుర్చీ తెచ్చింది. అల్లుడి కోసం.

"ఆ కుర్సీ ఇలా ఇయ్యి. నాకు మోకాలు నొప్పి," అని లాక్కుని నేను కూర్చున్నాను. "మీరెవరూ లెగొద్దు. అతనికి గింజలు తీడం మీకన్నా బాగా వొచ్చు. సూసుకోండి."

నవ్వారు. ముందు మొహమాటంగా, తర్వాత నిజంగా. పొద్దు వాలేలోగా సగం మూట అయిపోయింది. ఒక ముసలావిడ అతని కంటే ముందు గింజ తీస్తానని పందెం కట్టి ఓడిపోయింది. గింజ తీసిన పండు కొంచెం తీసుకుని ఉప్పూ కారం బెల్లం వేసి రోట్లో దంచి, అతను ఉండలు చేసి అందరికీ పెట్టాడు. మా చిన్నప్పుడు మేమూ ఇలాగే చేసుకునేవాళ్ళం. ఎవరు ఎవరికి నేర్పారో, మధ్యలో ఎన్ని సముద్రాలో. వరాలమ్మ ఒకటి నోట్లో వేసుకుని, చాలాసేపు చప్పరించి, "బెల్లం సాల్లేదు" అంది. ఇంకోటి తీసుకుంది.

మర్నాడు పొద్దున్న రైలుకు తిరిగి వచ్చాం. ఇంటికి రాగానే టేకు కుర్చీ పటాల కిందనుంచి తీయించి పెరట్లో వేయించాను. ఇప్పుడు అందులో నేను కూర్చుంటున్నాను. ఆ మధ్యాహ్నం అతను తన కంచం తను తీసుకుని నూతి గట్టుకు వెళ్ళాడు. తలుపు చాటున సావిత్రి కళ్ళు తుడుచుకోవడం మొదలెట్టింది. ఏడిస్తే ఏడువు గానీ అడ్డం వెళ్ళకు అన్నాను. నాలుగు రోజులు ఏడ్చింది. అయిదో రోజు తలుపు చాటునుంచే, ఎవరితోనూ కాదన్నట్టు, గిన్నెలు కూడా ఉన్నాయంది. అతను గిన్నెలూ కడిగాడు. బెంగళూరు మాట ఏమైందని హారికను అడగలేదు నేను. తనే చెప్పింది. వచ్చే ఏడు చింతపండు ఏ నెలలో కొండ దిగుతుందని అతను మా కొడుకును అడిగాడట. అప్పటిదాకా ఉంటామంది. ఆ పైన మాట ఆ పైన.

మాది పెట్టే ఇల్లు. వచ్చినవాడి కడుపు చూసే వంశం. పుచ్చుకోవడం మాకు ఎవరూ నేర్పలేదు. ఒక మనిషి దగ్గర మనం ఏమీ పుచ్చుకోకపోతే అతను మన ఇంట్లో ఎన్నేళ్ళున్నా చుట్టమే అని డెబ్భై దాటాక, ఒక వంతెన మెట్ల మీద తెలిసింది. గంప అందించిన ఆ దేశియా ఆవిడకు చిన్నప్పుడే తెలుసు. ఆ మోకాలి నొప్పికి కూడా దండం పెట్టుకుంటున్నాను, అది రాకపోతే నేను ఆ మూట వదిలేదాన్ని కాదు. ఎక్కడో సముద్రం అవతల బడి ముందు కూర్చుని మనవడి చేత పని చేయించిన ఆ నాయనమ్మకూ దండం. పిల్లాణ్ణి బాగా పెంచావమ్మా.

చివరగా ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక మాట. రాయగడలో వంతెన మెట్లు ఎక్కువ, కూలీ దొరుకుతాడన్న నమ్మకం లేదు. సామాను ఒకే పెద్ద మూటగా కట్టకండి. రెండుగా కట్టండి. పెద్దది మీతో వచ్చే అల్లుడికి ఇవ్వండి, చిన్నది మీరు పట్టుకోండి.