తలకిందుల పిట్టలు

మూడో అంతస్తు మడతలక్కయ్య క్రిస్మస్ కార్డులు మొదలుపెట్టిందంటే ఆ నెలంతా మెట్ల మీద ఎవరూ గట్టిగా నడిచేవారు కారు. ఆవిడ అచ్చాఫీసు బైండింగు విభాగంలో ముప్పై రెండేళ్ళు కాగితం మడిచి రిటైరైన మనిషి. కాగితానికీ పరువుంటుందనీ, దాన్ని వంకరగా మడిచినవాళ్ళు జీవితంలో ఇంకేదీ తిన్నగా చెయ్యలేరనీ ఆవిడ సిద్ధాంతం. ఈ సిద్ధాంతాన్ని కాదన్నవాళ్ళు ఆ భవనంలో లేరు. ఉన్నా కార్డు రాదని నోరు మూసుకునేవారు.

ఏటా నలభై కార్డులు. పువ్వులో చుక్కలో పిట్టలో అచ్చేసిన రంగుకాగితం కొలిచి కోసి, రెండు తలుపుల్లా తెరుచుకునేటట్టు మడుస్తుంది. తలుపులు తీస్తే లోపల నాలుగు కాగితపు మెట్లు లేస్తాయి. పై మెట్టు మీద నక్షత్రం. వెనకవైపు రబ్బరు ముద్ర: ‘మడతలక్కయ్య చేతిపని’.

ముద్రలో చెల్లెలికి వాటా లేదు. పెళ్ళి అనే వ్యవహారం అక్కచెల్లెళ్ళిద్దరి గుమ్మంలోకీ వచ్చి, మంచినీళ్ళు తాగి, వెళ్ళిపోవడంతో ఇద్దరూ ఒకే ఇంట్లో ముసలివాళ్ళయ్యారు. చెల్లెలు లాండ్రీలో దుప్పట్లు మడత పెట్టే ఉద్యోగం చేసింది. ఏది మడిచినా బొటనవేలి గోటితో సర్రున ఒక గీత లాగేది. బైండింగు వాళ్ళ లెక్కలో అది మహాపరాధం. మడత నొక్కడానికి వాళ్ళకు ఎముక బద్ద ఉంటుంది. గోరు తగిలితే కాగితానికి గాడి పడుతుంది.

“కాగితం జోలికి రాకు తల్లీ, నీకు కవర్లు చాలు” అని అక్కయ్య పని పంచేసింది. కార్డును కవర్లో పెట్టి, జిగురు రాసి మూయడం. ఆ కాస్తా చెల్లెలు ఆఖరిరోజు దాకా ముట్టుకునేది కాదు.

“నెలరోజులుంది కదే! ఏం చేశావు ఇన్నాళ్ళూ?”

“నిద్రపోయానక్కా.”

“తడిమి చూడు ఈ జిగురు! నత్త పాకినట్టుంది.”

“నత్తకైనా పని ఇచ్చావు కదా, సంతోషించు.”

అక్కయ్య తడిమి చూడమనడానికి కారణముంది. నాలుగేళ్ళుగా ఆవిడ చూపు మసకబారుతోంది. ఇక బాగుపడదని కళ్ళ డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చీరల అడుగున దాచింది. ఈ సంగతి లోకంలో తనొక్కదానికే తెలుసని ఆవిడ నమ్మకం. కొలతబద్ద గాట్లు వేలికి తెలుస్తాయి, మడత వేలికి తెలుస్తుంది, ఇక కళ్ళతో పనేముంది? అచ్చు బొమ్మలు మాత్రం రంగు మచ్చల్లా అలుక్కుపోయి కనిపించేవి. తల ఎటో తోక ఎటో ఆవిడ ఊహించేది. ఆవిడ ఊహ తప్పిందని ఎవరూ ఎప్పుడూ అనలేదు.

ఎండాకాలంలో ఒక పొద్దున చెల్లెలు టీ గ్లాసు కడుగుతూ కూలబడిపోయింది. బతుకంతా ఏ పనీ వేళకు ముగించని మనిషి, ఆ ఒక్కటీ వేళకు ముందే ముగించేసింది.

చెల్లెలు పోయేసరికి అక్క చేతులు పడిపోయాయని ఎవరూ అనకూడదు. కార్డులు ఎప్పటిలాగే, అంతే నిఖార్సుగా వెళ్ళాలి. అక్కయ్యకు ఈ ఏడు మిగిలిన పట్టుదల అదొక్కటే. ఎప్పటిలాగే అరవై షీట్ల పిట్టల కాగితం తెప్పించింది. పనంతా అయ్యాక సగం మిగిలింది. మూడేళ్ళుగా కాగితం చాలక, దుకాణంవాడు షీట్లు తగ్గించి కడుతున్నాడని తిట్టేది. ఇన్నాళ్ళకు తిట్లు పనిచేశాయనుకుంది. కవర్లు కూడా తనే అంటించింది. రెండు రోజులు పట్టింది. చెల్లెలికి నెల ఎందుకు పట్టేదో అర్థం కాలేదు.

కార్డులు పంచిన మర్నాడు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, కింది వాటా దర్జీ పైకొచ్చాడు.

“అక్కయ్యగారూ, ఇది కొత్త ఫ్యాషనాండీ?”

“ఏ ఫ్యాషనయ్యా?”

“పిట్టలన్నిటి చేతా శీర్షాసనం వేయించారుగా! నా ఒక్కడికే అనుకున్నా. ఎదురింటి నర్సమ్మగారికీ అంతే. పోస్టుమాస్టరుగారి పిట్టలు మాత్రం నిలబడే ఉన్నాయి. ఆయనది పెద్ద ఉద్యోగం, అందుకేనేమో అనుకున్నాం.”

అక్కయ్య నవ్వలేదు. దర్జీ తడబడ్డాడు.

“అంటే, అచ్చుగుడ్డ కొయ్యాలంటే ముందు బొమ్మ తలెటో చూసుకుంటామండీ. అందుకని కంటపడింది.”

“పోయినేడు ఎలా ఉన్నాయి?”

“నిక్షేపంలా ఉన్నాయండీ. ముందటేడూ అంతే.”

“నీ దగ్గర పాతవి ఉన్నాయా?”

“ఉన్నాయా అని మెల్లిగా అడుగుతారేంటండీ! కుట్టుమిషను పైన తాడు కట్టి, అయిదేళ్ళవీ వేలాడదీశా.”

“పట్రా.”

వరసగా బల్ల మీద పెట్టించుకుని, పాతదానితో మొదలుపెట్టి మడతల మీద వేలు నడిపింది. మొదటిది నున్నగా ఉంది. ఎముక బద్ద. రెండోదీ అంతే. మూడోదాని మీద వేలు ఆగింది. సన్నటి గాడి. గోరు ఆగి మళ్ళీ సాగిన చోట చిన్న గంటు. నాలుగోదీ అంతే, అయిదోదీ అంతే. తనవి రెండూ పక్కకు నెట్టేసి, మిగతా మూడూ మళ్ళీ మొదటినుంచీ తడిమింది.

రోజూ రెండు నుంచి నాలుగు దాకా తను పడుకునేది. చేసిన కార్డులు చెప్పుల అట్టపెట్టెలో, బల్ల మీదే ఉండేవి. ఆ మూడేళ్ళూ కాగితం చాలేది కాదు.

నిద్రపోయానక్కా.

“నేనేమన్నా తప్పుగా అన్నానాండీ?” దర్జీ గొంతు చిన్నదైపోయింది.

“లేదయ్యా. మా చెల్లెలి పని ఎలా ఉండేదంటావు?”

“కవర్లాండీ?”

“కార్డులు.”

దర్జీ బల్ల వైపు చూశాడు, ఆవిడ వేళ్ళ వైపు చూశాడు. అతనికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

“తేడా దొరకనిచ్చేవారు కాదండీ” అన్నాడు. పక్కకు నెట్టిన రెండు కార్డులూ తీసుకుంటూ, “వచ్చేఏడు కాగితం రాగానే నన్ను పిలవండి. తలవైపు సుద్దతో గుర్తు పెడతా. గుడ్డకు పెట్టినట్టే” అన్నాడు.

“చూద్దాంలే.”

అతను ఆ మూడు కార్డులూ ఆవిడ దగ్గరే వదిలి దిగిపోయాడు. రెండు కొట్టింది. అక్కయ్య పడుకోలేదు. బల్లకు అవతలివైపు, చెల్లెలి కుర్చీలో కూర్చుంది. అక్కడినుంచి చూస్తే తన మంచం తిన్నగా ఎదురుగా ఉంటుందని ఇన్నేళ్ళలో ఆవిడకు తెలియదు.

మిగిలిన కాగితంలోంచి ఒక షీటు లాగి, ఎముక బద్ద పక్కన పెట్టి, బొటనవేలి గోటితో మడత నొక్కింది. నిలవలేదు. బైండింగు వాళ్ళు గోళ్ళు చర్మం దాకా కత్తిరించుకుంటారు. గట్టిగా నొక్కింది. మడత మెల్లగా మళ్ళీ విచ్చుకుంది. షీటును ఇటు తిప్పింది, అటు తిప్పింది. నాలుగేళ్ళలో ఒక్కసారీ అడగని మాట అప్పుడు నోట్లోంచి వచ్చింది.

“పిట్టల తలెటే?”