బొట్టు పెట్టే ముందు ఒక మాట

మా మేనత్త పోయింది. పొద్దున్నే ఛాతీలో నొప్పి అంటే మామా, నేనూ ఆటోలో మానుకోట దవాఖానకు బయలుదేరదీశాం. కురవి దాటకముందే నా భుజం మీద తల వాల్చేసింది. మా ఊళ్లోనూ దవాఖాన ఉంది. దాని ముందు నుంచే పోయాం. తాళం వేసి ఉంది.

అది ఆమె అడిగి అడిగి తెప్పించిన దవాఖానే. ఓట్లప్పుడు మా వాడకు ఏ నాయకుడు వచ్చినా మంగళహారతి పళ్లెం అత్త చేతిలోనే ఉండేది. ఆయన తల వంచగానే కుంకుమ వేలు నొసటి ముందు ఆపేసేది. బొట్టు పడకుండా ఎవరైనా ఎట్లా కదులుతారు? ఎంతటి వాడైనా వంగినవాడు వంగినట్టే ఉండాలి.

"మా ఊరికి దవాఖాన ఎప్పుడు కట్టిస్తవు తమ్మీ?"

"గెలిచినంక మొదటి పని గదే అక్కా!"

అప్పుడు బొట్టు పెట్టేది. ఇంటికొచ్చి "మాటిచ్చిండు" అని మురిసిపోయేది. "నువ్వు బొట్టు పెట్టినంత అల్కగ ఇస్తరు మాట," అని మామ ఆటపట్టించేవాడు.

చివరికి ఒకాయన నిజంగానే కట్టించాడు. రిబ్బన్ కత్తిరించిన రోజు అత్త ఆ గోడలకు కూడా హారతి పట్టింది. ఆ తర్వాత సూదులేసే రోజున నర్సమ్మ వచ్చి పోయేది. డాక్టరు మాత్రం రాలేదు.

"దవాఖాన అడిగినం గని డాక్టరును అడుగుడు మరిసినం అల్లుడా," అంది ఒకసారి ఆ మెట్ల మీద కూర్చుని. "మనం అడిగిందే ఇచ్చిండ్రు. ఎవలననాలె? ఈసారి రానీ, డాక్టరునే అడుగుత."

అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే ఏం చేయాలో తోచడం లేదు.

అత్త దినాలు కాకముందే ప్రచారం బండి మా వాడకు వచ్చింది. పళ్లెం పక్కింటి వదిన పట్టుకుంది. మామ లోపలికి వెళ్లిపోయాడు. నేను గడపలో నిలబడ్డాను. వదిన వేలు నొసటి ముందు ఆగింది. అడగమని అరవాలనిపించింది. వదిన మా ఇంటి వైపు చూసి కళ్లు దించుకుంది.

వంగిన నాయకుడే, ఎవరూ అడగకముందే అన్నాడు: "డాక్టరును తెప్పిస్త చెల్లె, గెలిచినంక మొదటి పని గదే."

వదిన బొట్టు పెట్టింది. నొసటి నిండా కుంకుమతో, అందరికీ చేతులు జోడిస్తూ ఆయన బండెక్కాడు. ఆ బండి కూడా దవాఖాన ముందు నుంచే పోయింది.