నాలుగు చీరల పాట

మా కాలేజీలో వీడియో పాఠం చెప్పే మేడమ్‌ది ఒక నియమం. ఎవరు తీసిన వీడియో వాళ్లు అందరి ముందూ వేసి, వెనక బెంచీలో నోరు మూసుకుని కూర్చోవాలి. చూసినవాళ్లు ఏమైనా అనవచ్చు. తీసినవాళ్లు మాత్రం జవాబు చెప్పకూడదు, అది అలా కాదు అనకూడదు, మొహం కూడా మాడ్చుకోకూడదు. ఇంట్లో నాకు వాగుడుకాయ అని పేరు. ఆ నియమం నాకోసమే పెట్టి ఉంటారని నా అనుమానం.

అది 2006. షార్జా అల్ నహ్దాలో ఏడో అంతస్తు, ఒక బెడ్‌రూమ్ ఫ్లాటు. నాన్న దుబాయ్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ చూసేవారు. తెల్లారకముందే ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ వెళ్లి, చీకటి పడ్డాక మళ్లీ అదే ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ వచ్చేవారు. నేను కాలేజీ బస్సులో వెళ్లి కాలేజీ బస్సులో వచ్చేదాన్ని. అమ్మ ఎక్కడికీ వెళ్లేది కాదు. కింద బకాలా కొట్టుకి ఫోన్ చేస్తే ఉల్లిపాయలు, కొత్తిమీర పైకి వచ్చేవి. గ్యాస్ సిలిండర్ పైకి వచ్చేది, మంచినీళ్ల క్యాన్లు పైకి వచ్చేవి. మా ఆవిడ కాలు కింద పెట్టాల్సిన పని లేకుండా అన్నీ అమర్చానని నాన్న ఊరి నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్లకీ గొప్పగా చెప్పేవారు.

అమ్మ కాకినాడలో ఉన్నన్నాళ్లూ చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పింది. ఇక్కడికొచ్చాక ఆమె వీసా మీద గృహిణి అని పడింది, పని చేయడానికి అనుమతి లేదని కూడా పడింది. ఆ వేసవిలో మా వీధి చివర నర్సరీ నడిపే మలయాళీ ఆవిడ, పక్క ఫ్లాటు పిల్లలతో అమ్మ పాటలు పాడిస్తుంటే చూసి, సెలవుల తర్వాత పొద్దుటి పూట వచ్చి చిన్నపిల్లలకి చెప్పమని అడిగింది. భర్త వీసా మీద ఉన్నవాళ్లకి ఒకటే షరతు. భార్య పని చేయడానికి తనకి అభ్యంతరం లేదని భర్త సంతకం పెట్టివ్వాలి. మిగతాదంతా తను చూసుకుంటానంది.

నాన్న కాదనలేదు. ఆయన ఎప్పుడూ దేనికీ కాదనేవారు కాదు. "చూద్దాం" అనేవారు. వారం తర్వాత అడిగితే ముదీర్, అంటే ఆఫీసు మేనేజరు, ఊళ్లో లేడు, వచ్చాక ఆయన చెవిన కూడా వేసి చూద్దాం అన్నారు. ముదీర్ వచ్చాక, ఎండలు తగ్గనీ చూద్దాం అన్నారు. భార్య ఉద్యోగానికీ నాన్న ఆఫీసు మేనేజరుకీ సంబంధం ఏమిటో నాకు అంతు చిక్కేది కాదు. కాదన్న మనిషితో పోట్లాడవచ్చు. చూద్దాం అన్న మనిషితో ఎలా పోట్లాడాలో అమ్మకీ తెలియదు, నాకూ తెలియదు.

సరిగ్గా అప్పుడే కాలేజీ వేసవి క్లాసుల్లో పాట వీడియో తీయమన్నారు. మా క్లాసులో గిటారు వాయించే అమ్మాయి ఒక హుషారైన బాణీ కట్టింది. నేను దానికి తెలుగులో మాటలు రాశాను. పొద్దున్నే ముస్తాబై ఊరు చూడ్డానికి బయల్దేరే ఆడమనిషి పాట. పల్లవి, మూడు చరణాలు. వీధిలో కెమెరా తీస్తే పోలీసులు పట్టుకుంటారు, నీతోపాటు నా వీసా కూడా ఖలాస్ అని నాన్న ముందే హెచ్చరించారు. అనుమతి లేనివాళ్లు ఇంట్లోనే తీసుకోండి అని మేడమ్ కూడా అంది. ఇక నటి ఎవరు? ఏడో అంతస్తులో నాకు దొరికేది అమ్మే.

అమ్మ మొదట సిగ్గుపడింది. తర్వాత నన్ను ఊపిరి తీసుకోనివ్వలేదు. పాటన్నాక చరణానికో చీర మారకపోతే ఎలా అంది. నిజమే కదా అనుకున్నాను. మనం పుట్టిన దగ్గర్నుంచి చూసిన ప్రతి పాటలోనూ చరణం మారితే చీర మారుతుంది. అది ఎందుకని ఎవరూ అడగరు. పల్లవికి గులాబీ రంగు, చరణాలకి పచ్చ, నీలం, వంగపండు రంగు. ప్రతి చీరలోనూ అమ్మ తల దువ్వుకుంటుంది, బొట్టు పెట్టుకుంటుంది, చెప్పులేసుకుంటుంది, నవ్వుకుంటూ తలుపు దాకా నడుస్తుంది. ఆపైన తీయడానికి నాకు వీలు లేదు కాబట్టి తలుపు దగ్గర కట్ చేసి తర్వాతి చీరకి వెళ్లిపోయాను.

తలుపు పక్కనే నాన్న సోఫా ఉండేది. ఆఫీసు నుంచి రాగానే ఆయన సింహాసనం అదే. గుడ్డ చిరిగిపోయి, పైన తువ్వాలు కప్పి దరిద్రంగా ఉండేది. క్లాసులో పరువు పోతుందని దాన్ని బెడ్‌రూమ్‌లోకి తోసేశాను. ఫ్రేములో అమ్మ, తలుపు, శుభ్రమైన గోడ తప్ప మరేమీ లేకుండా చూసుకున్నాను. ఎడిటింగ్ అయ్యాక నా అంత గొప్ప డైరెక్టర్ ఎమిరేట్స్ మొత్తంలో లేదనిపించింది.

క్లాసులో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మిగతావాళ్లకి పాట మాటలు తెలియవు, బొమ్మే తెలుసు. వీడియో అయిపోయింది. చప్పట్లకి సిద్ధంగా కూర్చున్న నాకు ముందుగా వినిపించింది ఒక సూడాన్ అమ్మాయి ప్రశ్న. ఈవిడ నాలుగు రోజులు వరసగా తయారవుతుంది, నాలుగు రోజులూ తలుపు దాకా వచ్చి ఆగిపోతుంది, ఆవిడకి ఏదైనా జబ్బా అని అడిగింది. ఒకడు భయం అన్నాడు. ఇంకొకడు అది జబ్బూ కాదు భయమూ కాదు, అలవాటు అన్నాడు. సంగీతం అంత సంతోషంగా ఉండటం వల్ల ఇంకా బాధగా ఉంది, చాలా తెలివిగా చేసింది అని ఒకమ్మాయి నన్ను మెచ్చుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగు రోజులేమిటి, నాలుగు చీరలు. ఆగిపోవడమేమిటి, అది కట్. నా హుషారు పాటని పట్టుకుని ఏడుపుగొట్టు కథ చేశారు. లేచి అరవాలనిపించింది. మేడమ్ నా వైపే చూస్తోంది. పళ్లు బిగబట్టి కూర్చున్నాను.

వీళ్లకి మన పాటలు తెలియవు, అదే గొడవ అనుకుని, మన ప్రేక్షకుల మధ్య వేసి చూద్దామని ఆ వారమే బిల్డింగులో తెలుగు ఆడవాళ్లని మా ఇంటికి పిలిచాను. పై అంతస్తు హైదరాబాద్ ఆంటీ, నెల్లూరు అక్క, ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చారు. అమ్మ పకోడీలు వేసింది. వాళ్లకి ఏ అనుమానాలూ రాలేదు. గులాబీ చీర ఎక్కడ కొన్నావని ఒకరు, వంగపండు రంగు నీకు నప్పలేదని ఒకరు. నా ప్రాణం లేచి వచ్చింది. మేడమ్ నియమాన్ని ఇంట్లోనూ పాటిస్తూ మూల కూర్చుని నవ్వుకుంటున్నాను.

ఆఖర్లో హైదరాబాద్ ఆంటీ చాయ్ కప్పు పక్కన పెట్టింది.

"అంతా బాగుంది గానీ, గింత ముస్తాబయింది కదా, బయటికి పోతలేదేంది మీ అమ్మ?"

బద్ధకం అంది నెల్లూరు అక్క. ఏసీ వదిలి ఎవరు పోతారు అని ఇంకొకావిడ. అందరూ పగలబడి నవ్వారు. అమ్మ కూడా నవ్వింది, కానీ మిగతావాళ్ల కంటే ముందే ఆపేసి పకోడీల పళ్లెం లోపలికి తీసుకెళ్లింది.

మర్నాడు నేను కాలేజీకి తయారవుతుంటే అమ్మ నా జడ వేస్తూ, క్లాసులో వాళ్లేమన్నారని అడిగింది. అప్పటిదాకా చెప్పలేదు. జబ్బు, భయం, అలవాటు అన్నీ చెప్పాను. నాలుగు చీరలు నాలుగు రోజులు అనుకున్నారు, వాళ్ల మొహం, ఆ వంగపండు చీర తీసేసి మళ్లీ ఎడిట్ చేస్తాను అన్నాను. అమ్మ జడ మధ్యలో ఆపింది.

"వాళ్లు సరిగ్గానే చూశారే. మీ క్లాసూ అదే అడిగింది, మన వాళ్లూ అదే అడిగారు. ఆవిడెందుకెళ్లదూ అని. ఎవరెళ్లనివ్వట్లేదూ అని ఒక్కళ్లూ అడగలేదు, చూశావా?"

నేను వెనక్కి తిరగబోతే తల పట్టుకుని ముందుకి తిప్పింది.

"నువ్వు చూపించలేదు మరి. నీ వీడియోలో నాకు నేనే ఆగిపోయినట్టుంది."

జడ పూర్తి చేసి, రబ్బరు బ్యాండు వేసి, బస్సు వస్తుంది వెళ్లమంది. బస్సులో కూర్చున్నాక నాకు ఏడుపొచ్చింది. అంతమంది అన్నన్ని మాటలు అన్నారు గానీ, నా పనిలో తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపింది అమ్మే. ఫ్రేము శుభ్రంగా ఉండాలని నేను బెడ్‌రూమ్‌లోకి తోసేసింది సోఫాని ఒక్కదాన్నే కాదు.

ఆ శుక్రవారం, నాన్న సెలవు రోజున, సోఫాని తువ్వాలుతో సహా తలుపు పక్కకి లాగాను. ఒక్క షాట్ మిగిలింది, మీరు కూర్చోవాలి అని నాన్నని అడిగాను. "నేను కూడానా?" అన్నారు. కాదంటారనుకున్నాను, చూద్దాం అంటారని కూడా అనుకున్నాను. ఆయన లుంగీ మార్చి ప్యాంటు వేసుకున్నారు, ఇస్త్రీ చొక్కా తొడిగారు, నీళ్లు రాసుకుని తల దువ్వుకుని వచ్చి కూర్చున్నారు. ఏం చేయాలని అడిగారు. అమ్మ చెప్పులేసుకుని ఇటు వస్తుంది, మీరు పేపర్లోంచి తలెత్తి రోజూ అనేదే అనండి, మాట ఎలాగూ వినిపించదు, పైన పాట ఉంటుంది అన్నాను.

కెమెరాని నాన్న మీద పెట్టి ఆన్ చేశాను. అమ్మ తలుపు వైపు వచ్చింది. నాన్న తలెత్తి ఎంతో ప్రేమగా నవ్వి, "ఇప్పుడెందుకూ, చూద్దాంలే, వచ్చే వారం కలిసి వెళ్దాం" అన్నారు.

అమ్మ ఆగింది. నేను ఆగమని చెప్పలేదు. రెండోసారి తీయాల్సిన అవసరం రాలేదు.

ఆ ఒక్క షాట్‌నే ప్రతి చీర తర్వాతా, మొత్తం నాలుగుసార్లు పెట్టాను. క్లాసులో మళ్లీ వేసినప్పుడు ఎవరూ జబ్బు అనలేదు, భయం అనలేదు. ఆవిడెందుకెళ్లదని ఎవరూ అడగలేదు. సూడాన్ అమ్మాయి వెనక్కి తిరిగి నా వైపు చూసి మళ్లీ తల తిప్పుకుంది. మేడమ్ తన నియమం తనే తప్పి, ఈ మార్పు ఎవరి ఆలోచన అని అడిగింది. నటించినావిడది అన్నాను. మార్కులు బాగా పడ్డాయి.

ఇంట్లో నాన్నకి చూపించాను. భయపడుతూనే చూపించాను. కోప్పడతారనుకున్నాను. ఒకవేళ అర్థమవుతుందేమోనని ఆశ కూడా పడ్డాను. సోఫాలో ముందుకి వంగి, తను వచ్చినప్పుడల్లా ముచ్చటపడుతూ నాలుగుసార్లూ శ్రద్ధగా చూశారు. తను బాగానే పడ్డానన్నారు. మీ అమ్మకి నాలుగు చీరలు మార్చి నాకు ఒకటే చొక్కా ఉంచావే, అదొక్కటే లోపం అన్నారు.

అమ్మ మా వెనక నిలబడి చూస్తోంది. టీవీ పక్కనున్న ఫోన్ తీసి నర్సరీ ఆవిడకి చేసింది. సెలవులు అయిపోవస్తున్నాయి, ఆవిడ జవాబు కోసం అప్పటికే రెండుసార్లు కబురు పెట్టింది. ఇన్నాళ్లూ ఆమెకి అమ్మ చెప్పిన మాట, మా వారు చూద్దామంటున్నారు అని. ఆ రోజు తన గోదావరి హిందీలో, మా ఆయన పంపనన్నారు, మీరు వేరే ఎవరినైనా చూసుకోండి అంది.

నాన్న తల తిప్పి చూశారు.

"నేను వద్దని ఎప్పుడన్నాను?" అన్నారు. నిజంగానే ఆశ్చర్యపోయారు.

అమ్మ ఫోన్ చెవి నుంచి తీయలేదు. వద్దన్నది మీ వారేనా అని అవతలి ఆవిడ అడిగినట్టుంది, "అవునండీ, ఆయనే" అంది, ఈసారి తెలుగులో.