డాక్టరమ్మ నాన్న

దిల్‌సుఖ్‌నగర్‌లో కౌన్సెలర్ అనే మాటకు అర్థం వేరు. మెట్రో దిగి ఏ సందులోకి తిరిగినా కోచింగ్ సెంటర్ల బోర్డులు తలకు తగిలేలా ఉంటాయి. ప్రతి బోర్డు కింద ఒక గాజు తలుపు, తలుపు వెనక ఏసీ, ఏసీ కింద నవ్వు మొహంతో ఒక ఆడమనిషి కూర్చుని ఉంటుంది. ఆమెనే కౌన్సెలర్ అంటారు. వచ్చినవాళ్ళ గోడు వినడం ఆమె పని కాదు. వచ్చినవాళ్ళు పిల్లను చేర్పించకుండా మెట్లు దిగకుండా చూడటమే ఆమె పని.

సంధ్యారాణి ఆ కుర్చీలో ఏళ్ళ తరబడి కూర్చుంది. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి, ఎల్బీనగర్‌లో కిరాయి గదిలో ఉండి డిగ్రీ చదివిన పిల్ల. ఇంట్లో ఒక యాస, గాజు తలుపు వెనక ఒక యాస. ఆమె చేయి తిరిగిన మనిషి. లోపలికి అడుగుపెట్టిన తండ్రి చెప్పులు చూస్తే చాలు, ఆయనకు ఏ కథ చెప్పాలో తెలిసిపోయేది. "అచ్చం మీలాంటి నాన్నగారే ఒకాయన వచ్చారండీ..." అని మొదలుపెట్టేది. ఊరు మార్చేది, పేరు మార్చేది, సగం కల్పించేది. కానీ ప్రతి కథలో ఒక్కటైనా నిజంగా జరిగిన ముక్క ఉంచేది. అది లేకపోతే కథ చప్పగా ఉంటుందని, ఎదుటివాడి కళ్ళల్లో నీళ్ళు తిరగవని ఆమెకు తెలుసు. ఆమె చెప్పాక చేరకుండా వెళ్ళినవాళ్ళు తక్కువ.

అలాంటి మనిషికి ఒక రోజు తల తీసేసినట్టయింది. ఆమె చేర్పించిన పిల్లల్లో ఒక పిల్ల నేరుగా ఆ బల్ల దగ్గరికే వచ్చి, "మేడం, మీరు కౌన్సెలరే గదా? నాకు క్లాసుల కూసుంటే గుండె దడదడ కొట్టుకుంటున్నది. ఏం జెయ్యాలె?" అంది. సంధ్యారాణికి ఏం చెప్పాలో తోచలేదు. హాస్టల్ వార్డెన్‌ను కలవమని పంపేసింది. బల్ల మీది బోర్డులో కౌన్సెలర్ అన్న మాట చూసి ఆ పిల్ల పాపం నిజమే అనుకుని వచ్చింది కదా అని ఆ తర్వాత చాలా రోజులు కుమిలిపోయింది.

ఆ సిగ్గు మంచే చేసింది. దూరవిద్యలో సైకాలజీ కట్టి, సాయంత్రాలు మలక్‌పేటలో లలితకుమారి గారనే పెద్ద కౌన్సెలర్ దగ్గర శిక్షణకు వెళ్ళింది. లలితకుమారి గారు మొదటి రోజే అన్నారు, "నీకు మాట్లాడటం బాగా వచ్చమ్మా. అదే నీకున్న జబ్బు." పిల్లలు గదిలో చెప్పింది ప్రాణం మీదికి వస్తే తప్ప బయటికి పోకూడదని, పేరు దాచి చెప్పినా చెప్పినట్టేనని ఆవిడ మళ్ళీ మళ్ళీ నూరిపోశారు. సంధ్యారాణి పరీక్షలో ఆ సంగతే రెండు పేజీలు రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకుంది. ఊళ్ళో ఆమె తల్లి పెంటమ్మ మాత్రం అడిగినవాళ్ళందరికీ, "మా బిడ్డ డాక్టరు లెక్కనే, గని సూది ఎయ్యది" అని చెప్పుకునేది.

చదువయ్యాక కోచింగ్ సెంటర్ డైరెక్టర్ సాయినాథ్ ఆమెకు మూడో అంతస్తులో ఒక గది ఇచ్చాడు. అంతకుముందు జిరాక్స్ కాగితాలు పోసుకునే గది. అందులో రెండు కుర్చీలు, ఒక ప్లైవుడ్ తలుపు, గోడకు టిష్యూ డబ్బా. పిల్లలు రావడం మొదలుపెట్టారు. ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ కూర్చోకముందే ఒకటే అడిగేవారు: "మేడం, ఎవ్వరికీ చెప్పరు కదా?" సంధ్యారాణి అరచెయ్యి తలుపు మీద ఆనించి, "ఈ తలుపు దాటదు" అనేది. అది అందరికీ నచ్చేది. నిజం చెప్పాలంటే ఆమెకే ఎక్కువ నచ్చేది.

జ్యోతిక కూడా అలాగే అడిగి కూర్చుంది.

మెడికల్ సీటు కోసం రెండోసారి కోచింగ్ తీసుకుంటున్న పిల్ల. ఆమె తండ్రి భానుమూర్తిది కోస్తా. తుర్కయంజాల్ నుంచి పెద్ద అంబర్‌పేట్ దాకా ప్లాట్లు చూపించి అమ్మిపెట్టే మనిషి. గొంతు పెద్దది, నోట్లో నువ్వుగింజ నానదు. కూతురికి సీటు రాకముందే కారు వెనక అద్దం మీద ఎర్రక్షరాలతో 'డాక్టరమ్మ నాన్న' అని స్టిక్కర్ వేయించుకున్నాడు. ప్లాటు చూడటానికి వచ్చినవాళ్ళు నవ్వితే, "కొద్దిలో పోయిందండీ సీటు! ఈసారి గ్యారంటీ!" అనేవాడు.

కొద్దిలో పోలేదు. అదే జ్యోతిక మోస్తున్న బరువు. కిందటేడు పరీక్ష హాల్లో ఆ పిల్లకు చేతులు వణికాయి, కళ్ళు తిరిగాయి. సగం పేపరు ముట్టుకోకుండా కూర్చుని వచ్చేసింది. రిజల్టు తన ఫోన్లో తనే చూసుకుని, కొద్దిలో పోయినట్టు తండ్రికి నోటికొచ్చిన అంకె చెప్పింది.

"స్టిక్కర్ చూస్తే నాకు భయం మేడం," అంది జ్యోతిక. "కారు ఎక్కాలంటే వెనక నుంచి వెళ్ళను. ముందు నుంచి తిరిగి వెళ్తా."

సంధ్యారాణి ఈ పిల్ల విషయంలో నిజంగానే మంచి పని చేసింది. తొందరపెట్టలేదు. "మీ నాన్నకు నేను ఫోన్ చేసి చెప్పనా?" అని అడిగితే జ్యోతిక వద్దంది. తన నోటితో తనే చెప్పుకుంటానంది. చెప్పగలిగితేనే మళ్ళీ పరీక్ష హాల్లో కూర్చోగలనని కూడా అంది. ఇద్దరూ కలిసి సాధన చేశారు. సంధ్యారాణి తండ్రిలా కుర్చీలో వెనక్కి వాలి కూర్చునేది, జ్యోతిక మొదటి మాట చెప్పి ఏడ్చేది, మర్నాడు ఇంకో మాట. చివరికి ఒక శుక్రవారం మొత్తం చెప్పగలిగింది. "వచ్చే వారం చెప్పేస్తాను మేడం" అని నవ్వుతూ వెళ్ళింది.

ఆ ఆదివారమే పేరెంట్స్ మీటింగ్.

సాయినాథ్ మైకు ఇస్తూ చెవిలో అన్నాడు, "పిల్లలను కొత్త బ్యాచ్‌ల కూడా ఉంచాల్నా వద్దా అని పేరెంట్స్ పరేషాన్‌ల ఉన్నరు మేడం. జర మనసుకు తగిలేటట్టు ఏమన్న చెప్పుండ్రి." సంధ్యారాణి మైకు అందుకుంది. ఎదురుగా హాలు నిండా తల్లులు, తండ్రులు. ఆ మొహాలు చూడగానే ఆమెలోని పాత మనిషి లేచి కూర్చుంది. పిల్లల భయాన్ని తల్లిదండ్రులు అర్థం చేసుకోవాలని చెప్పడానికే మొదలుపెట్టింది. మంచి ఉద్దేశమే, కాదనను. కానీ అటు చివర ఒకాయన ఆవలించాడు. ఇంకొకావిడ ఫోన్ తీసింది. సంధ్యారాణి ఓర్చుకోలేకపోయింది.

"మా దగ్గర ఒకమ్మాయి ఉందండీ. వరంగల్ అమ్మాయి..." అంది.

పేరు మార్చింది. ఊరు మార్చింది. తండ్రిని బట్టల షాపాయన్ని చేసింది. సగం పేపరు వదిలేసిన సంగతి చెప్పింది. తండ్రికి కొద్దిలో పోయిందని చెప్పిన సంగతీ, ఇప్పుడు నిజం తన నోటితో తనే చెప్పుకుంటానంటున్న సంగతీ చెప్పింది. ఫోన్ తీసిన ఆవిడ దాన్ని సంచిలో పెట్టేసింది. అక్కడితో ఆపినా సరిపోయేది. కానీ కథ ఇంకా చప్పగానే ఉన్నట్టు తోచింది ఆమెకు. "ఆ తండ్రి కారు వెనక ఏం రాయించుకున్నాడో తెలుసా అండీ? డాక్టరమ్మ నాన్న!" హాలంతా గొల్లున నవ్వింది. "ఆ స్టిక్కర్ చూసి ఆ పిల్ల ఎంత భయపడుతుందో ఆ తండ్రికి తెలియదండీ. రోజూ కారు ముందు నుంచి తిరిగి వెళ్ళి ఎక్కుతుంది." నవ్వినవాళ్ళంతా గతుక్కుమన్నారు. ఒక తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. చప్పట్లు మోగాయి.

మూడో వరసలో తెల్ల చొక్కా ఒకాయన నవ్వలేదు, చప్పట్లు కొట్టలేదు. సంధ్యారాణి చూసింది. నచ్చలేదేమో అనుకుంది, అంతే.

మీటింగ్ అయ్యాక మెట్ల దగ్గర ఆ తెల్ల చొక్కా ఆయనే నిలబడి ఉన్నాడు. బయట ఉదయం నుంచీ ఎడతెగని వాన.

"నమస్కారమండీ. భానుమూర్తి అంటారండి నన్ను. జ్యోతిక వాళ్ళ నాన్నని. ఆదివారాలు సైటు చూపించడానికి వెళ్తానండీ, ఎప్పుడూ రావడానికి కుదరదు. ఇవాళ వాన కదాని వచ్చాను."

సంధ్యారాణికి కాళ్ళ కింద మెట్టు ఉందో లేదో తెలియలేదు. మొహంలోకి రక్తమంతా తన్నుకొచ్చి చెవులు మండాయి.

"ఆ వరంగల్ అమ్మాయి ఇప్పుడెలా ఉందండీ?" అన్నాడాయన. నలుగురిలో గట్టిగా మాట్లాడే మనిషి, ఆమెకు మాత్రమే వినపడేలా అడిగాడు.

"బాగానే... బాగానే ఉందండీ."

"వాళ్ళ నాన్నకి తనే చెప్పుకుంటానందని మీరే అన్నారు కదండీ. చెప్పుకోనివ్వండి. ఆయనకి తెలియదనే ఉండనివ్వండి." ఒక మెట్టు దిగి వెనక్కి తిరిగాడు. "మీరిక్కడ ఇది చెప్పినట్టు మాత్రం ఆ పిల్లకి తెలియకూడదండీ. తెలిస్తే ఇంకెవరి దగ్గరా నోరు విప్పదు. మీ దగ్గరే కదా విప్పింది."

ఆమె చేతులు జోడించింది. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. హాల్లో అందరి ముందూ మైకు లాక్కుని తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. ఆయన గొడుగు కూడా లేకుండా దిగి వెళ్ళాడు. కింద కారు కదిలినప్పుడు వెనక అద్దం మీద ఆ ఎర్రక్షరాలు వానలో కనిపించాయి. మీటింగుకు వచ్చిన తల్లులిద్దరు కారు షెడ్డు కింద నిలబడి ఆ అద్దాన్నే చూస్తున్నారు.

ఎల్బీనగర్‌లో ఇంటికి చేరాక అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున్నే లలితకుమారి గారికి ఫోన్ చేసి, ఒక్క ముక్క దాచకుండా చెప్పింది.

"స్టిక్కర్ లేకుండా చెప్పలేకపోయావా?" అన్నారావిడ.

"ఎవ్వరు వింటలేరనిపించింది మేడం."

"వినకపోతే పోయేదేంటమ్మా?"

"ఆ పిల్లకు చెప్పి కాళ్ళ మీద పడత మేడం. నాకు ఊపిరాడ్తలేదు."

"చెప్తే నీకు ఊపిరాడుతుంది. దానికి ఆగిపోతుంది. చెప్పినా తప్పే, చెప్పకపోయినా తప్పే. అలాంటి చోటుకు తెచ్చుకున్నావు. ఆ పిల్ల తనకు తానుగా అడిగిన రోజు మాత్రం అబద్ధం ఆడకు. అప్పటిదాకా మొయ్యి."

జ్యోతిక గురువారం వచ్చింది. తలుపు తోసుకుని వస్తూనే, "చెప్పేశాను మేడం!" అంది.

కారులో పెద్ద అంబర్‌పేట్ వెళ్తుంటే పక్కకు ఆపమందట. సాధన చేసిన మాటలన్నీ మర్చిపోయి, వేరే ఏవో మాటలతో చెప్పేసిందట. తండ్రి స్టీరింగ్ వదలకుండా విన్నాడట. "ఎంత భయపడ్డావే తల్లీ" అని ఒక్కటే అన్నాడట. ఇంటికి రాగానే గోళ్ళతో స్టిక్కర్ పీకాడట. జిగురు వదలకపోతే కిరసనాయిలు తెచ్చి మరీ తుడిచాడట.

"నాకు ఆశ్చర్యం ఏంటంటే మేడం," అంది జ్యోతిక, కళ్ళు మెరుస్తూ, "స్టిక్కర్ అంటే నాకు భయమని నాన్నకి నేను చెప్పనే లేదు. బాధపడతారని అదొక్కటే వదిలేశాను. కారు ముందు నుంచి తిరిగి వస్తానని కూడా ఎవరికీ చెప్పలేదు, మీకు తప్ప. ఆయనే కనిపెట్టేశారు! ఇన్నాళ్ళూ ఏమీ చూడరనుకున్నా. అంతా చూస్తూనే ఉన్నారు మేడం."

సంధ్యారాణి తల దించుకుంది. తను మైకులో అన్న మాటే, నలుగురినీ నవ్వించి ఏడిపించిన మాటే, ఆ పిల్ల నోట తండ్రి ప్రేమగా మారి వచ్చింది. చెప్పేయాలని నాలుక చివరిదాకా వచ్చింది. అలా కాదు జ్యోతికా, అది నేను... అన్నంతవరకూ వచ్చింది. అంతవరకే రానిచ్చింది. ఆ తండ్రి ఎంత మింగితే ఈ పిల్ల మొహంలో ఈ వెలుగు వచ్చిందో ఆమెకు తెలుసు.

"మీరు ఎవరికీ చెప్పలేదు కాబట్టే నాకా ధైర్యం వచ్చింది," అంది జ్యోతిక. "నాన్న కూడా అన్నారు, మీ మేడం మంచావిడ, వెళ్తూ ఉండు అని. థాంక్స్ మేడం."

జీవితంలో ఆమె అందుకున్న అన్ని థాంక్సుల్లోనూ అది ఒక్కటే చెయ్యి కాల్చింది. పిల్ల వెళ్ళాక సిగ్గుతో చాలాసేపు గోడకు తిరిగి కూర్చుంది. టిష్యూ డబ్బా పిల్లల కోసమని పెట్టింది. ఆ రోజు తనకే కావలసి వచ్చింది.

తర్వాతి మీటింగుకు సాయినాథ్ ఆ వరంగల్ అమ్మాయి కథే మళ్ళీ చెప్పమన్నాడు. "పబ్లిక్ ఏడ్చిన్రు మేడం! మస్తు పనిచేసింది." సంధ్యారాణి మైకు ముట్టుకోలేదు. "ఆ పిల్ల కథ నాది కాదు సార్. నేను చెప్ప" అంది. ఎంత అడిగినా అంతకు మించి మాట్లాడలేదు. ఆయన మొహం ముడుచుకుని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమే మూడో అంతస్తు గది తలుపు దగ్గరికి మౌనిక అనే కొత్త పిల్ల వచ్చింది. లోపలికి ఒక కాలు, బయట ఒక కాలు పెట్టి నిలబడి, "మేడం, నేను చెప్పేది ఎవ్వరికి చెప్పరు గదా?" అంది.

అలవాటు కొద్దీ సంధ్యారాణి చెయ్యి తలుపు మీదికి వెళ్ళింది. ఆ చేతిని చూసుకుని వెనక్కి తీసుకుంది. ఇన్నాళ్ళూ గాజు తలుపు భాషలోనే జవాబిచ్చిన మనిషికి ఈసారి ఇంటి మాటే వచ్చింది.

"కూసో బిడ్డా. ఇయ్యాల ఏం చెప్పకు. నాలుగు రోజులు వచ్చిపో, నన్ను జర చూడు. నమ్మకం కుదిరితేనే చెప్పు. కుదరకుంటే చెప్పకు."

మౌనిక అనుమానంగానే కూర్చుంది. ఏమీ చెప్పలేదు. సంధ్యారాణి కూడా ఏమీ అడగలేదు.