మా గైడు మాఫీ అడగడానికి వచ్చిన రోజు

మా పీహెచ్‌డీ గైడు మక్కా యాత్రకి, ఉమ్రాకి వచ్చి జెద్దాలో అల్లుడింట్లో దిగాడని తెలిసినప్పుడు నాకు కలిగింది సంతోషమే. పగ తీర్చుకోవాల్సిన మనిషి తన కాళ్లతో తనే నడిచి వస్తే ఎవరికి ఉండదు సంతోషం?

నేను ఇక్కడ ఒక స్కూల్లో టీచర్ని. మా ఆయన ఇక్కడి పాతబస్తీ, బలద్ సందుల్లో ఏసీలు బాగుచేస్తాడు. మాది సీమ, ఇంట్లో మాట్లాడేది తెలుగే. గైడుదీ మా పక్క ఊరే. పెళ్లికి ముందే ఆయన దగ్గర ఫిలాసఫీలో పీహెచ్‌డీకి చేరాను. డిగ్రీకి కావాల్సినవన్నీ చేశాను. కోర్సువర్క్ పూర్తిచేశాను, ప్రీ పీహెచ్‌డీ పరీక్ష పాసయ్యాను, రెండు పేపర్లు అచ్చు వేయించాను, సెమినార్లో నిలబడి అందరి ప్రశ్నలకూ జవాబు చెప్పాను. ఇక మిగిలింది థీసిస్ మీద గైడు సంతకం. అది పడితే సబ్మిట్ చేయొచ్చు, తర్వాత వైవా, అంతే.

ఆ సంతకం ఆయన పెట్టలేదు. సెలవులు ఇచ్చిన ప్రతిసారీ జెద్దా నుంచి పోయి ఆయన గది ముందు నిలబడేదాన్ని. థీసిస్ చేతిలోకి తీసుకుని, బరువు చూసి, "లోతు సాల్లేదమ్మా, ఇంగా రాయాల" అనేవాడు. ఎక్కడ చాలలేదు సార్ అని అడిగితే, "నిర్వచనాలు సరిగా లేవు" అనేవాడు. తిరగరాసి మళ్లీ తీసుకుపోయేదాన్ని. చివరికి రిజిస్ట్రేషన్ గడువు దాటిపోయింది, యూనివర్సిటీ నా పేరు కొట్టేసింది. ఆయన రిటైరై హాయిగా ఇంట్లో కూర్చున్నాడు. నేను మాత్రం ఆ మనిషిని తిట్టుకోకుండా ముద్ద మింగిన రోజు లేదు.

ఉమ్రాకో హజ్జుకో పోయేముందు మావాళ్లు తాము నొప్పించినవాళ్ల దగ్గరికి పోయి మాఫీ అడుగుతారు. మనిషికి చేసిన అన్యాయాన్ని ఆ మనిషే మాఫ్ చేయాలని నమ్మకం. "ఏమన్నా తప్పుంటే మాఫ్ చేయండి" అని వీళ్లంటారు. "అయ్యో, అదేం మాట, మా కోసం దువా చేయండి" అని వాళ్లంటారు. టీ తాగి లేస్తారు. ఏం తప్పు అని ఎదురడిగినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

మక్కాకి బయల్దేరేముందు ఆయన అల్లుణ్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. టీ తాగుతూ, చాలా ఇళ్లలో అని అని అరిగిపోయిన మాటే మా ఇంట్లోనూ అన్నాడు.

"ఏదన్నా పొరపాటు జరిగింటే మనసులో పెట్టుకోవాకమ్మా. మాఫ్ చెయ్యి."

"ఏదన్నా అంటే ఎట్ల సార్? నిర్వచనం సరిగా లేదు" అన్నాను.

అల్లుడు తమాషా అనుకుని నవ్వాడు. ఆయన నవ్వలేదు.

"అదేమ్మా, నీ థీసిస్ కొంచెం లేటయింది..."

"లేటు కాలేదు సార్, పోయింది. ఎందుకు పోయిందో చెప్పండి. మీ అల్లుడు గూడా ఇంటాడు."

మా ఆయన కళ్లతోనే వద్దంటున్నాడు. నేను అటు చూడలేదు. గైడు కప్పు కింద పెట్టాడు, మొహం మాడిపోయింది. ఎన్నేళ్ల కడుపుమంటో కొంచెం చల్లారింది.

"నేను సదవలేదమ్మా" అన్నాడు. "ఒక్క పేజీ గూడా సదవలేదు. సదవకుండా సంతకం పెట్టేది తప్పు గదా అని పెట్టలేదు. సదివేదానికేమో బుద్ధి పుట్టలేదు."

లోపలికి పోయి బీరువా మీదున్న థీసిస్ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను.

"సదివి రాండి సార్. మాఫీ సంగతి ఆనక మాట్లాడదాం."

వాళ్లు పోయాక మా ఆయన మండిపడ్డాడు. "పెద్దాయన అల్లా ఇంటికి పోతాండాడు. ఒక్క మాటంటే నీ సొమ్మేం పోతాది?"

"పోయింది సాల్లేదా?" అన్నాను.

కొన్నాళ్లకు గైడు మక్కా నుంచి ఫోన్ చేశాడు. మొత్తం చదివాడట. నిజంగానే చదివాడు, ఏ అధ్యాయంలో ఏముందో వరసగా చెప్పుకొచ్చాడు.

"దాంట్లో తీసేసేదీ లేదు, కలిపేదీ లేదమ్మా. ఎప్పుడో సంతకం పెట్టాల్సింది. తప్పంతా నాదే. ఇప్పుడన్నా మాఫ్ చెయ్యి."

ఆ మాట కోసం ఏళ్ల తరబడి కాచుకున్నాను. వింటే సంతోషంగా ఉంటుందనుకున్నాను, ఉండలేదు. ఏమో, నిజంగానే నేను సరిగా రాయలేదేమో అని నాలో ఒక మూల అనుమానం ఉండేది. రాత నాదే బాగలేదులే అని సర్దిచెప్పుకునే ఇన్నాళ్లూ బడికి పోయి పాఠాలు చెప్పి వచ్చాను. ఇప్పుడు ఆ ఆసరా కూడా లేకుండా చేశాడు.

"బాగలేదని చెప్పింటే మాఫ్ చేసేదాన్ని సార్" అని ఫోన్ పెట్టేశాను.