పులికాట్ బురదలో నా పాదాలు

పులికాట్ సరస్సులో రొయ్యలు పట్టడానికి నాకు వల అక్కరలేకపోయేది. మోకాలి లోతు నీళ్లలో మెల్లగా నడిచేదాన్ని. అరికాలి కింద చిన్న గిలిగింత పుడితే వంగి చేత్తో అందుకుని బుట్టలో వేయడమే. పొద్దుటి మంచులో నీరేదో ఆకాశమేదో కళ్లకు తెలిసేది కాదు. నా కాళ్లకు మాత్రం అన్నీ తెలిసేవి.

ఆ కాళ్లే నన్ను మోసం చేశాయి. నాలుగడుగులు వేస్తే ఎడమ పిక్క పట్టేసేది, నిలబడితే వదిలేది. పాదం చల్లగా ఉండేది. పొద్దస్తమానం నీళ్లలో నానే మనిషికి కాళ్లు చల్లబడక ఏమవుతాయి అనుకున్నాను. కుడిపాదం వెచ్చగానే ఉందన్న సంగతి తోచనే లేదు, నా తెలివి తెల్లారినట్టే ఉంది! మా ఆయన వేడి ఇటుకకు గుడ్డ చుట్టి కాపడం పెట్టాడు. బొబ్బ లేచినా నాకు నొప్పి తెలియలేదు. అది పగిలి పుండైంది, రెండు నెలలైనా మానలేదు.

నెల్లూరులో డాక్టరమ్మ నా పాదం మీద వేళ్లు పెట్టి చాలాసేపు వెతికింది. నాడి దొరకలేదు.

"కాలికి రక్తం తీసుకెళ్లే నాళాలు పూడుకుపోతున్నాయమ్మా. షుగరు అదుపులో పెట్టుకోకుండా ఇలా కాపడాలు పెట్టుకుంటే కాలే తీసేయాల్సి వస్తుంది," అంది.

మందులు రాసింది. పుండు మానాక రోజూ పిక్క నొప్పి పుట్టేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవమంది. చెప్పుల్లేకుండా నేల తొక్కొద్దంది. బస్సు గూడూరు దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

పుండు మానాక సరస్సు కట్ట మీద నడక మొదలుపెట్టాను. మొదట ఐసు షెడ్డు దాకా, తర్వాత పడవల రేవు దాకా. నేను ఆగితే మా ఆయనా ఆగేవాడు.

"ఏం మే, పెళ్లినడకా?"

"నీకేమయ్యా, నోరుండాది. నొప్పి నాది గదా!"

ఆగినచోట కళ్లు మూసుకునేదాన్ని. చెప్పు కిందికి బురద వచ్చినట్టు, వేళ్ల సందుల్లో రొయ్యలు తిరుగుతున్నట్టు ఉండేది. ఆ కల చెదిరేలోపు నొప్పి పోయేది.

కొన్ని నెలలకు డాక్టరమ్మ మళ్లీ చూసి, నాడి సన్నగా తగులుతోందంది. మా ఆయన నమ్మలేదు. మర్నాడు కట్ట మీద నన్ను కూర్చోబెట్టి, చెప్పు విప్పి, పాదం మీద రెండు వేళ్లు ఆనించాడు. రొయ్య బెదరకుండా బురదలో వేళ్లు పెట్టే తీరు అది.

"ఏందయ్యా?"

"కదలబాక మే." ఊపిరి బిగబట్టాడు. "ఉండాది. చిన్న రొయ్యంత. కదలతా ఉండాది."

నాకు ఏడుపు ఆగలేదు. అది జారిపోతుందేమోనని ఆయన చాలాసేపు వేళ్లు తీయలేదు.