రమణయ్యన్నకు వచ్చిన ఫోన్

సాయంత్రం ట్రక్కులను సిటీలోకి వదలని వేళ కావడంతో, ఇవాళ షార్జా దాటాక రోడ్డు పక్కన ట్రైలర్ ఆపుకుని కూర్చున్నాను. పక్కనే మా కంపెనీ డ్రైవర్, నెల్లూరు రమణయ్యన్న బండి. వాళ్లావిడ విజిట్ వీసా మీద వచ్చి దుబాయ్‌లోని ఇంటర్నేషనల్ సిటీలో ఉంది. అందుకని ముదీర్‌ని, అదే మా మేనేజర్‌ని, బతిమాలి అన్న లోకల్ లోడ్లు వేయించుకున్నాడు. సౌదీ ట్రిప్పులన్నీ నా మెడకు చుట్టుకున్నాయి.

అన్న ఫోన్ మోగింది. "రోడ్డు వదలంగానే వచ్చేస్తాలేమ్మే, నువ్వు తినెయ్యి" అంటున్నాడు. ఆవిడ ఒప్పుకోలేదట. చేపల పులుసు చేసి, ముద్ద ముట్టకుండా కూర్చుందట.

అంతలో నా ఫోనూ మోగింది. ఆత్రంగా ఎత్తాను. ముదీర్!

"కిధర్ హై తుమ్? బార్డర్ కబ్ పహుంచేగా? యల్లా, యల్లా!" ఎక్కడున్నావ్, సౌదీ బార్డర్ ఎప్పుడు చేరతావ్, త్వరగా కదులు అని తొందర.

అన్న నవ్వాడు. "నువ్వూ రా తమ్ముడా, రెండు ముద్దలు తినేసి పోదువు."

"నాకేడ టైమున్నదన్నా, పొద్దుగాల్నే బార్డర్ల ఉండాలె" అన్నాను.

రోడ్డు వదిలారు. అన్న ఇంటివైపు తిరిగాడు. నేను అబూదాబీ దారి పట్టాను. ఆ పులుసు ఎవరైనా వండిపెడతారు. నా కోసం ఆకలితో కూర్చునేవాళ్లు మాత్రం ఈ దేశంలో ఎవరూ లేరు. కుళ్లు పుట్టదా మరి? మీరే చెప్పండి.